గులాబి మొక్కకు తొలి సంవత్సరము

(పామిడిముక్కలలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వరి పండించు ఈ సీమకు వచ్చి గులాబిని గూర్చి మాటలాడుచున్నామని మీలో కొందరికి నవ్వు రావచ్చును. పంట కాలువను గూర్చియో, ధాన్యపు ధరను గూర్చియో చెప్పక ఈ పూల ముచ్చట యేమని మీరు అడిగినచో అందులో తప్పు లేదు. అయినను పంచాయతీ కార్యాలయముల ముందును, బడులలోను, ఆసుపత్రుల ఆవరణలలోను గులాబులు నాటుట మన గ్రామములలో నొక అలవాటైనది. నాటుట సులభము. మరుసటి యేడు అదే చోటికి పోయి చూచినచో ఎన్ని మిగిలినవి? ఈ ఒక్క ప్రశ్నను గూర్చియే నేడు మీతో మాటలాడదలచితిమి.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట ఈ డెల్టాలోనే ఒక గ్రామమున, బడి ఆవరణలో, ఆగస్టు మాసమున 40 గులాబి మొక్కలు నాటించిరి. పెద్దలు వచ్చిరి. ఒక్కొక్క మొక్క వద్ద నాటిన వారి పేరు వ్రాసిన రేకు ముక్కను పాతిరి. మేము ఫోటోలు తీయించితిమి, అవి అచ్చయినవి. అంతటితో మా పని తీరినదనుకొంటిమి. ఫిబ్రవరిలో వేరొక పనిమీద ఆ ఊరికి పోయినప్పుడు బడిలోనికి వెళ్ళి చూడగా రేకులు 40 నిలిచియున్నవి. మొక్కలు 4 మాత్రమే బ్రదికియున్నవి. ఎండిన మొక్క నొకదానిని పెరికించి చూచితిమి. వేళ్ళు నల్లబడి కుళ్ళు వాసన కొట్టుచుండెను. అది నీరు లేక చచ్చిన మొక్క కాదు. నీరు నిలిచి చచ్చిన మొక్క. మా ప్రక్కన నిలుచున్న ఒక బాలిక, "ఈ పేర్లవాళ్ళు మళ్ళీ వస్తారా అండీ?" అని అడిగినది. మావద్ద సమాధానము లేకపోయినది.

మిగిలిన నాలుగు మొక్కలు ఎట్లు మిగిలినవి? అవి మెట్ల ప్రక్కన, కొంచెము మెరకన ఉన్నవి. బడిలో వంట చేయు ఇల్లాలు మన్ను ఆరినప్పుడు మాత్రము బియ్యము కడిగిన నీరు వానికి పోయుచుండెనట. వాన కురిసినప్పుడు పారతో చిన్న కాలువ తీసి నీటిని బయటికి పంపుచుండెనట. అట్లు చేయుమని ఆమెకు ఎవరును చెప్పలేదు. ఆమె పేరు ఏ రేకు మీదను లేదు. నేడు మేము చెప్పబోవున దంతయు ఆ ఇల్లాలు చేసిన పనికి వివరణము మాత్రమే.

నారుమడి నేర్పిన పాఠము

గులాబి మొక్కలు మనకు రెండు రీతుల వచ్చును. తూర్పుగోదావరి జిల్లాలోని కడియము, కడియపులంక నర్సరీలనుండి వచ్చునవి సాధారణముగా వేళ్ళచుట్టు మట్టితో, సంచులలో వచ్చును. దూరప్రాంతములనుండి చలికాలమున పార్సెలుగా వచ్చు మొక్కలకు కొన్నిటికి బరువు తగ్గుటకై మట్టి తీసివేసి, వేళ్ళకు తడి నాచునో, తడి రంపపు పొట్టునో చుట్టి పంపుదురు. వీనిని విడివేళ్ళ మొక్కలందము. దారిలో కుదుపులకు మట్టిగడ్డ పగిలి రాలిపోయిన మొక్కయు ఈ లెక్కలోనిదే.

మొక్కకు నీరు త్రాగించునవి లావు వేళ్ళు కావు. వాని చివరలనుండు వెండ్రుకలవంటి పీచు వేళ్ళు. మొక్కను పెరికి మట్టి దులుపునప్పుడు ఈ పీచు వేళ్ళు చాల భాగము తెగిపోవును. త్రాగు నోళ్ళు పోయినవి. ఆవిరి విడుచు ఆకులు, కొమ్మలు మిగిలినవి. రాబడి ఆగిపోయి ఖర్చు సాగుచున్న సంసారము ఎట్లుండునో ఆ మొక్క స్థితి అట్లుండును. అందుచేత ఖర్చు తగ్గించి, రాబడి మరల మొదలగు వరకు కాచుటయే మన పని.

ఇది మీకు క్రొత్త సంగతి కాదు. నారుమడిలో నారు పీకి, వేళ్ళ మన్ను కడిగి, కట్టలు కట్టి, దమ్ము చేసిన చేలో ఊడ్చునప్పుడు జరుగునదియు ఇదియే. ఊడ్చిన పైరు కొన్ని దినములు వన్నె తగ్గి తలవాల్చును. క్రొత్త వేరు వేసిన పిమ్మట మూన తిరిగి పచ్చబడును. వేరు తెగిన మొక్కను బ్రదికించు విద్యలో మన డెల్టా రైతును మించినవాడు లేడు.

కాని వరికిని గులాబికిని ఒక పెద్ద భేదము కలదు. వరి మొక్కలో ఆకునుండి వేరువరకు గాలి పోవుటకు లోపల సన్నని దారులుండును. కనుకనే అది నిలువ నీటిలో సుఖముగా పెరుగును. గులాబికి అట్టి యేర్పాటు లేదు. దాని వేరు మన్ను రేణువుల సందులలోని గాలినే పీల్చవలెను. ఆ సందులు నీటితో నిండి దినముల తరబడి అట్లే యుండినచో వేరు ఊపిరాడక కుళ్ళును. వేరు కుళ్ళినప్పుడు ఆకు వాడును. వాడిన ఆకును చూచి, పాపము దాహమైనదని మనము మరియొక బిందెడు నీరు పోయుదుము. కృష్ణపై 1855లో పూర్తియైన ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వచ్చిన ప్రకాశము బారేజియు మనకిచ్చిన భాగ్యము నీరే. అందుచేత నీరు ఎక్కువైనచో చెరుపు కలుగునన్న మాట మనకు సులభముగా తోచదు. గులాబి విషయమున మనము మరచిపోవలసిన అలవాటు ఇదొక్కటే.

నాటుటకు ముందు

మన నేలలు నీటిని పట్టియుంచు నల్ల నేలలు. గట్టి రేగడిలో గొయ్యి త్రవ్వి, అందు మెత్తని ఎరువు మన్ను నింపి నాటుట అడుగున రంధ్రము లేని కుండలో నాటుటతో సమానము. చుట్టునున్న వాన నీరంతయు ఆ గోతిలోనికే చేరును. కనుక ముందుగా ఒక చిన్న పరీక్ష చేయుడు. మూరెడు, అనగా సుమారు 45 సెంటీమీటర్లు, లోతున గొయ్యి తీసి నీరు నింపుడు. అది ఇంకిన పిమ్మట మరల నింపుడు. ఈ రెండవసారి పోసిన నీరు మరునాటి ఉదయమునకును నిలిచియున్నచో అచట గోతిలో నాటరాదు. నేలపైన 30 సెంటీమీటర్ల ఎత్తున బోదె పోసి, చుట్టు మురుగు నీరు పోవు కాలువ తీసి, ఆ బోదెమీదనే నాటవలెను.

ఒక్కొక్క మొక్క తావునకు బాగుగా చివికిన పశువుల ఎరువు 8 నుండి 10 కిలోలు మన్నుతో కలుపవలెను. పచ్చి పేడ వేయరాదు. దాని వేడికి క్రొత్త వేరు మాడును, చెదలును చేరును. రసాయనపు ఎరువు నాటునాడు అసలే వలదు. తెగిన వేరుకు అది పుండుమీద కారమువంటిది. మొక్కకును మొక్కకును 75 నుండి 90 సెంటీమీటర్ల యెడముండవలెను. దినమునకు ఆరు గంటలైనను ఎండ పడు చోటు కావలెను. పెద్ద చెట్టు క్రిందను, ఇంటి చూరు నీరు పడు చోటను నాటరాదు.

నీటిని గూర్చి మరియొక మాట. బందరు వైపునకును, దివిసీమ వైపునకును పోయినకొలది బోరు నీటిలో ఉప్పు హెచ్చుగా నుండు తావులు చాల కలవు. గులాబి ఉప్పును ఓర్చుకొనదు. ఆకుల అంచులు కాలినట్లు మాడుట, మన్నుపై తెల్లని పొర యేర్పడుట దీని గుర్తులు. అట్టి ఊళ్ళలో చెరువు నీరు, కాలువ నీరు, నిలువ చేసిన వాన నీరు వాడవలెను. సందేహమున్నచో ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రము వారి సలహా పొందుడు. మంచి నీరు చాలదని తేలినచో గులాబిని మాని, మందారమునో గన్నేరునో నాటుట బుద్ధిమంతుల పని.

నాటు కాలము, నాటు రీతి

విడివేళ్ళ మొక్కను ఆగస్టు వానలలో నాటరాదు. డిసెంబరు రెండవ సగమునుండి జనవరి వరకు మన ప్రాంతమున దీనికి అనువైన కాలము. అప్పటికి తుఫానుల భయము చాలవరకు తీరును, ఎండ మెత్తబడును, వేసవికి ముందు వేరు పట్టుటకు రెండు మూడు నెలల గడువు చిక్కును. పండుగ తేదీని చూచి మొక్క నాటుట కాక, మొక్క కాలమును చూచి పండుగ చేసికొనుట మేలు.

మొక్క వచ్చిన దినముననే కట్ట విప్పి చూడుడు. వేళ్ళు ఎండకు, గాలికి విడిచిపెట్టరాదు. పావుగంట యెండ చాలును అవి చచ్చుటకు. నాటుటకు ముందు కొన్ని గంటలసేపు వేళ్ళను బక్కెట్టు నీటిలో నుంచవలెను; ఒక దినమునకు మించి ఉంచరాదు. విరిగిన, కుళ్ళిన వేళ్ళ చివరలను పదునైన కత్తితో కోసివేయుడు. పై కొమ్మలనుకూడ కొంత కుదించుడు. వేరు తగ్గినప్పుడు కొమ్మ తగ్గుటయే న్యాయము.

గోతి నడుమ మన్నుతో చిన్న దిబ్బ చేసి, దానిమీద వేళ్ళను గొడుగు ఊచలవలె నలుదిక్కుల పరచి, మన్ను కప్పి చేతులతో అదుముడు. కాలితో త్రొక్కరాదు, రేగడి త్రొక్కిన రాయివలె అగును. అంటు కట్టిన చోట కాండము కొంచెము ఉబ్బి కనపడును. ఆ ఉబ్బు నేలకు 5 సెంటీమీటర్లు పైన నుండవలెను. నాటిన వెంటనే ఒక బక్కెట్టు నీరు నెమ్మదిగా పోయుడు. మన్ను క్రుంగినచో మరికొంత మన్ను వేయుడు. పడమటి వైపున తాటాకు మట్టనో, కొబ్బరి మట్టనో పాతి రెండు మూడు వారములు నీడ కల్పింపుడు. చుట్టు కంప దడి కట్టుట మరువరాదు. మేక ఒక్కసారి కొరికిన చిగురు మొక్క నెలరోజుల సంపాదన.

మొదటి చిగురు, మొదటి మొగ్గ

నాటిన రెండు మూడు వారములకు కన్నులు ఉబ్బి ఎర్రని చిగురు వచ్చును. అందరును సంతోషించి, బ్రదికినదని నీరు పోయుట మానుదురు. లేక పండుగవలె ఎరువు వేయుదురు. రెండును పొరపాటే. ఆ తొలి చిగురు కొమ్మలో దాచియున్న ఆహారముతో వచ్చినది. వేరు పంపినది కాదు. అది తాత గాదెలోని గింజ, ఈ యేటి పంట కాదు. గాదె ఖాళీ యగులోపల వేరు పని మొదలుపెట్టవలెను. ఈ నడిమి నెల మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన కాలము.

నీరు ఎప్పుడు పోయవలెనో గడియారము చెప్పలేదు, వ్రేలు చెప్పును. మొక్క మొదట రెండు కణుపుల లోతునకు వ్రేలు గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో పోయవలదు. పొడిగా నున్నచో అడుగు వరకు తడియునట్లు నిండుగా పోయుడు. దినమునకొక చెంబెడు పైపైన చల్లినచో వేరు పైకే పాకును. వేసవి యెండకు ముందు మాడునది ఆ వేరే. అవసరమైనప్పుడు నిండుగా పోసినచో వేరు నీటిని వెదకుచు లోతునకు దిగును.

ఫిబ్రవరి, మార్చి నెలలలో తొలి మొగ్గలు కనపడును. ఇక్కడ మీ మనస్సు గట్టి చేసికొనవలెను. ఆ తొలి మొగ్గలను శనగగింజంత యుండగనే గిల్లివేయుడు. ఇంత కష్టపడి పెంచి పూవు చూడకయే గిల్లుటా యని పిల్లలు అలుగుదురు. వారికిట్లు చెప్పుడు: మొదటి యేడు వేరుది, రెండవ యేడు పూవుది. పూవునకు పోవలసిన బలము వేరునకు, ఆకునకు మళ్ళినచో ముందు సంవత్సరములలో ఆ మొక్క పది పూవులకు పది కొమ్మలు వేయును. ఆకును మాత్రము గిల్లరాదు. మొక్కకు అన్నము వండునది ఆకే.

మొక్క బ్రదికినదో లేదో యని ఊపి చూచుట, పెరికి చూచుట కూడదు. కాండముపై గోటితో కొద్దిగా గీరి చూచినచో లోపల పచ్చగా నున్నచో ప్రాణమున్నదన్నమాట. మేలో ఆకు రాల్చిన మొక్క జూను వానలకు మరల చిగురించుట కలదు. తొందరపడి పారవేయవలదు.

వేసవి గండము, వానల గండము

ఏప్రిలు, మే నెలలలో పంట కాలువలకు నీరు నిలుపుదల చేయుదురు, వడగాలులు వీచును. తొలి సంవత్సరపు మొక్కకు ఇది మొదటి గండము. నీరు తెల్లవారుజామున పోయుడు. మొదలు చుట్టు మూడు వ్రేళ్ళ మందమున వరిగడ్డి, లేక ఉయ్యూరు చుట్టుపట్ల చెరకు రైతుల వద్ద దొరకు చెరకు చెత్త పరచుడు. చేలలో తగులబెట్టు గడ్డిలో ఒక మోపు ఇందుకు తెచ్చినను చాలును. అది నేల తడిని ఆరనీయదు. అయితే గడ్డి కాండమును తాకరాదు. బెత్తెడు యెడము విడువవలెను. వారమునకొకసారి గడ్డి యెత్తి చెదలు చేరినవేమో చూడుడు. కాండముపై ఎర్రని పొలుసులు గట్టిగా అంటుకొనియున్నచో పొలుసు పురుగని తెలిసికొని, తడి గుడ్డతో రుద్ది తీసివేయుడు.

జూలైనుండి రెండవ గండము. ఇప్పుడు బక్కెట్టు ప్రక్కన పెట్టి పార పట్టుకొనవలెను. మురుగు కాలువలు పూడకుండ చూచుకొనుడు. కాండము దగ్గరి గడ్డిని ఎడముగా లాగుడు. ఆకులపై గుండ్రని నల్ల మచ్చలు పడి, ఆకు పసుపుబారి రాలినచో అది నల్లమచ్చ తెగులు. రాలిన ఆకులను మొక్క క్రింద విడువక ఏరి దూరముగా తగులబెట్టుడు. కొమ్మ చివరనుండి నల్లబడి క్రిందికి ఎండుచున్నచో, పచ్చని భాగము వరకు కోసి, కోసిన చోట బోర్డో పేస్టు పూయుడు. ఆ కత్తిని తుడువకుండ మరియొక మొక్కపై పెట్టరాదు.

వానకాలమున అంటు క్రిందనుండి బలమైన కొమ్మ యొకటి దూసికొని రావచ్చును. దానిని చూచి మొక్క బాగుగా పెరిగినదని మురియకుడు. అది మీరు కోరిన గులాబి కాదు. అడుగున నున్న అడవి జాతి వేరు పిలక. పై మొక్క తిండిని అది తినివేయును. ఆకుల లెక్కతో దానిని గుర్తింపవలెనని చూడక, అది ఎచట పుట్టినదో మన్ను తొలగించి చూచి, పుట్టిన చోటనే పీకివేయుడు. పైపైన కోసినచో రెండై మొలచును.

ఎరువునకు తొందర లేదు. వేరు పట్టి ఆకు నిండిన తరువాత, మూడు నెలలకు పైబడి, రెండు మూడు గుప్పిళ్ళ వానపాముల ఎరువు మొదలు చుట్టు వేసి కలుపుడు. కత్తిరింపులును అంతే. తొలి యేడు ఎండిన కొమ్మను తప్ప కోయకుడు.

పంచాయతీ చేయవలసినది

తిండిగింజ కాని పూలమొక్కకు ఇంత శ్రమ యేల యని అడుగువారుందురు. మన దేశమున గోధుమ వంగడములకై పాటుపడి, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టరు జనరలైన డాక్టరు బి. పి. పాల్, తీరిక వేళల గులాబులను పెంచి క్రొత్త రకములను సృష్టించినారు. అన్నమునకు పాటుపడినవానికి పూవు తక్కువదిగా తోచలేదు. ఇంటిలో పూజకును, ఆడపిల్ల సిగలోనికిని పూవు కోరు మనకు ఊరి ముంగిట నాలుగు పూలమొక్కలుండుట వేడుక మాత్రమే కాదు.

1950లో కేంద్ర మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిననాటినుండి మొక్కలు నాటు ఉత్సవములు జరుగుచునే యున్నవి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముతో వచ్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు చెప్పబడినవి. వానిలో సామాజిక వనములున్నవి. చిట్టచివరిది గ్రామపు ఉమ్మడి ఆస్తుల పోషణము. నాటుట ఉత్సవము, పోషణము పాలనము. మనము ఎన్నుకొనబడినది పాలనమునకు.

కాబట్టి నాలుగు పనులు చేయుడని మనవి. మొదటిది: మే నెలలో ఎన్ని మొక్కలకు నీరు మోయగలరో అన్నియే డిసెంబరులో నాటుడు. 40 నాటి 4 దక్కించుకొనుటకంటె 6 నాటి 6 దక్కించుకొనుట మేలు. రెండవది: ఒక్కొక్క మొక్కను పేరుపేరున ఒకరికి అప్పగించి పుస్తకమున వ్రాయుడు. నాటినవారి పేరు కాదు, కాచువారి పేరు వ్రాయవలెను. ఆ పనికి కూలి ఇవ్వవలసిన చోట కూలి ఇయ్యవలెను. పేదవారి శ్రమను ఉచితముగా వాడుకొనరాదు. మూడవది: మార్చిలోను, జూనులోను, సెప్టెంబరులోను సభ్యులు స్వయముగా పోయి లెక్క చూచుకొని సమావేశమున చెప్పవలెను. నాలుగవది: చచ్చిన మొక్కను దాచక పెరికి వేరు చూడుడు. నల్లబడి కుళ్ళినచో నీరు ఎక్కువైనది. ఎండి పెళుసైనచో నీరు చాలలేదు. చెదలు తినినచో ఎరువు చివకలేదు. కారణము తెలియక అదే గోతిలో మరియొక మొక్క పెట్టుట ప్రజల సొమ్మును మరల పూడ్చుట.

బడిలో ఎండిన మొక్క ప్రక్కన దినదినము నడచు పిల్లలు దానినుండి కూడ ఒక పాఠము నేర్చుకొందురు. పెద్దలు ఆరంభింతురు, విడిచిపెట్టుదురు అన్నదే ఆ పాఠము. దానిని మనము నేర్పరాదు. ఈ ధనుర్మాసమున మీరు నాటు మొక్కల ఫోటోలు తీయుటకు మేము రాము. నాటిన పదునాలుగు నెలలకు, మరుసటి ఫిబ్రవరిలో, మమ్ములను పిలువుడు. బ్రదికిన మొక్కలను, వానిని కాచినవారిని ప్రక్కప్రక్కన నిలిపి ఫోటో తీసికొందుము. ఆ బాలికకు మేము నాడు ఇయ్యలేకపోయిన సమాధానము, వచ్చెదమన్న మాటయే.